కనకం మిషన్‌కి ముందొచ్చిన శ్రావణం

చోడవరంలో పదిహేనేళ్ళుగా ఎవరు గుమాస్తా ఉద్యోగంలో చేరినా, వాళ్ళ వేళ్ళు ముందు కనకమహాలక్ష్మి చెక్కస్కేలు దెబ్బలు తిన్నవే. మెయిన్ రోడ్డులో మేడమీద గది, గదిలో ఆరు టైపు మిషన్లు, గోడకి ఒక గడియారం, బల్ల మీద ఆ స్కేలు. టైపు పరీక్షల్లో లోయరు, హయ్యరు ఎంతమందిని గట్టెక్కించిందో ఆమెకే గుర్తులేదు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "బ్యాచీలున్నాయి, ఖాళీ నేదు" అనేది. అలా ఖాళీ లేకుండానే ముప్పయ్యెనిమిదేళ్ళు వచ్చేశాయి.

కనకానికి కోపం ఎక్కువ. అయితే ఆ కోపాన్ని నోటితో ఖర్చుపెట్టదు. రిపేరైన మిషన్ని పరీక్షించడానికి ఎవరైనా ఏబీసీడీలు కొట్టి చూస్తారు. కనకం మాత్రం ఆ పూట ఎవరి మీద మండుతూ ఉంటే వాళ్ళ గురించి ఒక వాక్యం కొట్టేది. అన్ని అక్షరాలూ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, తృప్తిగా మరోసారి చదువుకుని, కాగితాన్ని ముక్కలు చేసి బుట్టలో వేసేది. మిషన్ సంగతీ తేలేది, మనసూ తేలికపడేది. ఇన్నేళ్ళలో ఆ కాగితం ఒక్కటి కూడా ఎవరి కంటా పడలేదు. కాగితానికున్న ఆ సుగుణం కంప్యూటర్‌కి లేదని ఆమెకి తొంభై ఎనిమిది జులైలో తెలిసింది.

అప్పటికి ఇన్‌స్టిట్యూట్ పరిస్థితి ఏమీ బాగోలేదు. ఆరు మిషన్లకి ఇద్దరు విద్యార్థులు మిగిలారు, అందులో ఒకడు వర్షం పడితే రాడు. మేడ ఆమె మేనమామ గణపతిరావుది. బెల్లం వ్యాపారం చేసి మానేసిన పెద్దమనిషి, అక్క కూతురని గది ఇచ్చాడు. చెడ్డవాడు కాడు కానీ, ఖాళీగా ఉన్న గదిని చూస్తే ఆయనకి పంటికింద రాయి పడినట్టు ఉంటుంది. వడ్డాది నించి ఒక ఎరువుల వ్యాపారి సరుకు దాచుకోవడానికి ఆ గది కావాలని ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. కనకానికి గది పోతుందంటే భయం వేసింది. గది పోతే తను ఎవరో, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా పోతుంది.

అందుకని రెండు నెలలు బస్సులో విశాఖ తిరిగి కంప్యూటర్ నేర్చుకుంది. చేతి బంగారు గాజులు అమ్మి ఒక కంప్యూటర్ తెచ్చి, టైపు మిషన్లని గోడవారకి జరిపి, మధ్యలో పెట్టింది. దాన్ని బిగించి అమ్మిన పెదబాబు విశాఖలోనే ఉంటాడు. అతను నేర్పిన ప్రతి ముక్కా షార్ట్‌హ్యాండ్‌లో నోట్సు రాసుకుంది.

పనికూడా దొరికేలాగే ఉంది. చోడవరం, రావికమతం, చీడికాడ పక్కల నించి వెళ్ళి విశాఖలో స్థిరపడిన వాళ్ళకి ఒక సంఘం ఉంది. దాని కార్యదర్శి జగ్గయ్యది చీడికాడ. ఫ్యాక్టరీలో రిటైరైన దగ్గర్నించీ సంఘమే ఆయన సంసారం. సంఘానికి వెబ్‌సైటు కావాలని ఆయనకి కోరిక పుట్టింది. ఊరి పేరు నొక్కితే ఆ ఊరివాళ్ళు ఊళ్ళోనూ విశాఖలోనూ ఎవరెవరున్నారో, ఏ పని చేస్తున్నారో వరసగా రావాలి. నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అందులో విషయం మూడే వాక్యాలు: జులై పన్నెండు ఆదివారం వచ్చి చూస్తాను, నడిచే పేజీ చూపిస్తే పని మీకే ఇప్పిస్తాను, మా ఊళ్ళ పిల్లల్ని కూడా మీ దగ్గరికే కంప్యూటర్ నేర్చుకోవడానికి పంపిస్తాను. మిగతా మూడుముప్పావు పేజీలూ ఆయన గత నాలుగు మహాసభల్లో ఏం మాట్లాడాడో ఉంది.

ఆ పిల్లలు వస్తే గది నిలుస్తుంది. కనకం ఆ ఉత్తరం పట్టుకుని మేనమామ దగ్గరికి పరుగెత్తింది.

గణపతిరావు ఉత్తరం చూడలేదు. గోడమీద పంచాంగం వంక చూశాడు.

"జులై పన్నెండంటే ఆషాఢం కదే గుంటా. ఆషాఢంలో కొత్త పని మొదలెడితే నిలవదు. శ్రావణం రానీ."

"శ్రావణం దాకా ఆయన ఆగడు మావయ్యా. ఆదివారానికి పేజీ ఉండాలి."

"అయితే ఆ గదిలో వద్దు. నా గదిలో ఆషాఢంలో ఏదీ మొదలవదు. ఆ ఎరువులాయనకి కూడా అదే సెప్పేను. శ్రావణంలో రా, అప్పటికి గది ఖాళీగా ఉంటే మాటాడుకుందామని."

ఆయన ధర్మం ఆయనది. శత్రువుకీ మేనకోడలికీ ఒకటే మాసం. కనకం మెట్లెక్కి గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. ఎదురుగా తెరమీద కుడివైపు మూల చిన్న అంకెల్లో గడియారం కనిపించింది. ఆమె ఒక నిమిషం దానివంకే చూసి, మళ్ళీ మెట్లు దిగి ఆయన్ని పిలుచుకొచ్చింది.

"మావయ్యా, ఆషాఢం మనకి. దీనికి ఏ మాసమో మనం సెప్పడంలో ఉంటాది. సూడు." తేదీ మీద నొక్కి ఆగస్టు చేసింది. గణపతిరావు కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. ఇది మాయో మర్యాదో తెలియక, "ఏదీ, ఉగాది తే" అన్నాడు. ఉగాది వచ్చింది. "కిందటేడు దసరా తే." దసరా వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత చిన్నగా, "పంచాంగం పైకి తేవే" అన్నాడు.

గంటసేపు చూసి మరీ పెట్టాడు ముహూర్తం. శ్రావణ శుద్ధ షష్ఠి బుధవారం, హస్తా నక్షత్రం, కన్యా లగ్నం, జులై ఇరవై తొమ్మిది ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకి. బయట మాత్రం జులై ఆరు, సోమవారం, సాయంత్రం నాలుగైంది. అయినా ఉదయం ముహూర్తం కదా అని ఆయన కిందకి వెళ్ళి తలస్నానం చేసి, సాయంకాలం కాఫీ కూడా మానుకుని, కొబ్బరికాయతో వచ్చాడు.

ఇంతకీ మొదలెట్టవలసిన పని ఏమిటంటే, సర్వర్, అంటే అడిగిన పేజీని తీసి ఇచ్చే ప్రోగ్రాం, పెట్టడం. వెబ్‌సైటు చివరికి ఎక్కడో పెద్ద ఊళ్ళో పెద్ద కంప్యూటర్‌లో ఉంటుంది. చోడవరంలో ఆ మేడమీదికి ఇంటర్నెట్టూ లేదు, వచ్చే సూచనా లేదు. అందుకని పెదబాబు ఒక సీడీ ఇచ్చాడు. అందులోని సర్వర్‌ని మన కంప్యూటర్‌లోనే పెట్టుకుంటే, పేజీ అడిగేదీ అదే, ఇచ్చేదీ అదే. తప్పులన్నీ ఇంట్లోనే దిద్దుకుని, బాగుందనుకున్నాక పైకి పంపొచ్చు. భోజనాలకి పిలిచేముందు వంటింట్లో ఉప్పు చూసుకున్నట్టు.

కనకం సీడీలోదంతా ఎక్కించి, ఊళ్ళ పట్టిక తయారుచేసి, సర్వర్‌ని లేపే మీట ఒక్కటీ ముహూర్తానికి వదిలిపెట్టింది. గడియారాన్ని జులై ఇరవై తొమ్మిది, పదీ నలభైకి తిప్పింది. గణపతిరావు అగ్గిపుల్ల గీశాడు. వర్షాకాలం కదా, పెట్టె చెమ్మగిల్లింది. నాలుగు పుల్లలు గీసేసరికి పదీ నలభై మూడైంది.

"దాటిపోనాది. ఎనక్కి పెట్టు."

వెనక్కి పెట్టింది. ఈసారి కొబ్బరికాయ పగల్లేదు. "ఎనక్కి పెట్టు." మూడోసారి సరిగ్గా నలభై ఒకటి దాటుతుండగా ఆయనే తుమ్మాడు. "ఎనక్కి పెట్టు" అన్నాడు, ఎంతో సంతోషంగా. డెబ్భై ఏళ్ళలో ఎన్నో ముహూర్తాలు కళ్ళముందు దాటిపోగా చూసి బాధపడ్డ మనిషికి, రమ్మంటే తిరిగొచ్చే ముహూర్తం దొరికింది. ఇంకో పదిసార్లయినా తిప్పించేవాడే.

కనకానికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగోసారి ముహూర్తం తగలగానే సర్వర్ లేచింది. పేజీ వస్తుందో రాదో చూడాలంటే పట్టికలో ఏవో రెండు పేర్లుండాలి. ఆమె వేళ్ళు అలవాటు ప్రకారం వెళ్ళిపోయాయి. ఉత్తరం నాలుగు పేజీలు చదివించిన జగ్గయ్య మీద ఒక వరస, వెనక నిలబడి హారతి వెలిగిస్తున్న మేనమామ మీద ఒక వరస. మీట నొక్కింది. పేజీ నిగనిగలాడుతూ వచ్చింది. గణపతిరావు అప్పటికి కర్పూరం ముందు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన కళ్ళు తెరిచేలోపు కనకం పేజీ మూసేసింది.

ఆయన వెళ్ళాక, విద్యార్థి పరీక్ష దరఖాస్తు ఒకటి కంప్యూటర్‌లో కొట్టవలసి వచ్చి, తేదీని తిరిగి జులై ఆరుకి తెచ్చేసింది. ఉత్తరం మీద తప్పు తేదీ పడడం ఆమె పుట్టి బుద్ధెరిగి సహించలేదు. ఆ తరవాత పట్టిక ఫైలు తెరిచి, ఆ రెండు వరసలూ మర్యాదగా దిద్దింది. జగ్గయ్య పని "రిటైర్డ్ ఉద్యోగి, సంఘ కార్యదర్శి". గణపతిరావు పని "బెల్లం వర్తకులు". దాచింది. పేజీ తెరిచింది.

పాత వరసలే ఉన్నాయి.

మళ్ళీ దిద్దింది, పాతవే. ఫైలు తెరిస్తే అందులో మర్యాద, పేజీ తెరిస్తే అందులో కోపం. రెండు వరసలూ పూర్తిగా తీసేసింది. ఫైల్లో పోయాయి, పేజీలో కూర్చునే ఉన్నాయి. బుట్టలోని కాగితం లేచి వచ్చి బల్లమీద పడుకున్నట్టు అనిపించింది కనకానికి. కింద ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి పెదబాబుకి ఫోన్ చేసింది.

"ఓసారి ఆపి ఎయ్యండి మేడమ్" అన్నాడతను.

ఆపి వేసింది. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసింది. "పూర్తిగా ఆపి, ఓ పావుగంట ఆగి ఎయ్యండి మేడమ్" అన్నాడు. పావుగంటకీ పూర్తిగాకీ కూడా లొంగలేదు. శుక్రవారం, "అంతా తీసేసి మొదటి నించీ ఎక్కించండి మేడమ్" అన్నాడు. మొదటి నించీ అంటే మళ్ళీ ఆరంభం, ఆరంభమంటే మళ్ళీ మేనమామ, తలస్నానం, కొబ్బరికాయ. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటాడన్న నమ్మకం లేదు. కనకం ఆ సాహసం చెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఆ వారం ఆమెకి అన్నం సయించలేదు. పదిహేనేళ్ళ గది తన నోటిదూల వల్ల కూడా కాదు, వేళ్ళ దూల వల్ల పోబోతోంది.

ఆదివారం వచ్చింది. తొమ్మిదింటికల్లా జగ్గయ్య గొడుగుతో, సంచితో మెట్లెక్కాడు. వెనకే గణపతిరావు, తన ముహూర్తం ప్రయోజకత్వం చూడడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కనకం దేవుణ్ణి కోరింది ఒక్కటే, కరెంటు పోవాలని. చోడవరంలో రోజూ పొద్దున్నే అడగకుండా పోయే కరెంటు ఆ రోజు నిలకడగా ఉంది. టీ ఇచ్చింది. రెండోసారి ఇచ్చింది. జగ్గయ్య ఎనభై తొమ్మిదో సంవత్సరం మహాసభ దగ్గర్నించి చెప్పడం మొదలెడితే, జీవితంలో మొదటిసారి కనకం ఆయన ఆగకూడదని కోరుకుంది. పదిన్నరకి ఆయన తనంతట తనే ఆగి, "ఇంక సూపించమ్మా" అన్నాడు.

వేరే దారి లేదు. పేజీ తెరిచింది. ఊళ్ళ పేర్లు వచ్చాయి. జగ్గయ్య మౌస్ని దీపం పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని చీడికాడ మీద నొక్కాడు. ఆయనకి ఏది కనిపించినా సభలో చదివినట్టు పైకి చదవడం అలవాటు.

"పేరు, జగ్గయ్య. ఊరు, చీడికాడ. పని, మైకు దొరికితే వదలకపోవడం."

చదవడం పూర్తయ్యాక గానీ అర్థం కాలేదు ఆయనకి. గణపతిరావుకి మాత్రం వెంటనే అర్థమైంది. నవ్వి, నవ్వి, దగ్గొచ్చి, గోడ పట్టుకున్నాడు. "మిషన్‌కి మన సంగతులన్నీ తెలిసిపోతన్నాయండీ" అన్నాడు.

జగ్గయ్య ముఖం గంటు పెట్టుకుని పక్కనున్న చోడవరం మీద నొక్కాడు. "పేరు, గణపతిరావు. ఊరు, చోడవరం. పని, మంచి పనులు ఆపడం." ఇప్పుడు నవ్వడం జగ్గయ్య వంతైంది. గొడుగు కింద పడేలా నవ్వాడు. గణపతిరావు దగ్గు టక్కున ఆగిపోయింది.

చిత్రం ఏమిటంటే, ఇద్దరూ ఒకే విషయంలో ఏకీభవించారు. తన వరసలో ఏదో పొరపాటు జరిగింది, రెండోవాడి వరస మాత్రం అక్షరసత్యం.

"ఎవరు కొట్టేరే ఇది" అన్నాడు గణపతిరావు.

అబద్ధమాడదామని నోరు తెరిచింది కానీ, కనకానికి అది చేతకాలేదు. "నేనే కొట్టేను మావయ్యా. కోపంలో కొట్టేను. ఆ రోజే దిద్దేసేను. వారం రోజులుగా దిద్దతానే ఉన్నాను, ఇది మారడం నేదు." ఫైలు తెరిచి చూపించింది. గది పోయిందనే అనుకుంది.

గణపతిరావు ఫైలు వంక చూడలేదు. తన వరసని ఎందుకు కొట్టింది అన్నదానికన్నా అది ఎందుకు చెరగడం లేదన్నది ఆయన్ని లాగేసింది. తెర మూల చూసి, "తేదీ ఎనక్కి తెచ్చేసేవేటి" అన్నాడు.

"ఉత్తరాలకి తేదీ కావాలి కదా మావయ్యా."

"మరి మారమంటే ఎలా మారతాది." ఆయన జగ్గయ్య వైపు తిరిగి, గర్వంగా వేలు ఎత్తి లెక్క చెప్పాడు. "నేను పెట్టిన ముహూర్తానికి పుట్టిన పేజీ బాబూ ఇది. ఇరవై తొమ్మిదిన పుట్టింది. ఇయ్యాళ పన్నెండు. అంటే ఇంకా పదిహేడు రోజులు గడిస్తే గానీ పుట్టని పేజీ. ఈ గుంట ఇప్పుడు రాసినవన్నీ దాని కన్నా పాతవి. కొత్తదాని ముందు పాతది ఎలా చెల్లుతాది."

కనకం ఉలిక్కిపడి లేచింది. సొరుగులాగి షార్ట్‌హ్యాండ్ నోట్సు తీసి పేజీలు తిరగేసింది. మొదటి రోజు పెదబాబు చెప్పిన ముక్క దొరికింది: సర్వర్ అడిగిన ప్రతిసారీ పేజీ కొత్తగా తయారుచెయ్యదు. తయారుచేసిన కాపీ ఒకటి దాచుకుంటుంది. అసలు ఫైలు తేదీ ఆ కాపీ తేదీ కన్నా కొత్తదైతేనే మళ్ళీ తయారుచేస్తుంది. దాచుకున్న కాపీ తేదీ జులై ఇరవై తొమ్మిది. తను దిద్దినవన్నీ జులై ఆరు నించి పన్నెండు లోపు. సర్వర్ లెక్కలో అవన్నీ కాలం చెల్లిన కాగితాలు. విశాఖలో పెదబాబు కనిపెట్టలేనిది, కంప్యూటర్ ముట్టుకోవడానికి భయపడే మేనమామ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేశాడు.

"మావయ్యా" అంది, "ఇరవై తొమ్మిది దాటేక ఒక మంచి రోజు సెప్పు. తొందరగా."

ఆ మాటతో గణపతిరావు తన వరస కూడా మరిచిపోయాడు. జేబులోంచి పంచాంగం తీశాడు. అది ఆయన జేబులోనే ఉంది. "ఆగస్టు ఏడు. శ్రావణ శుక్రవారం, పైగా వరలక్ష్మీ వ్రతం. ఇంతకన్నా మంచి రోజు నేదు." పదీ పన్నెండు నిమిషాలన్నాడు. కనకం గడియారం తిప్పింది. జగ్గయ్య ఇదంతా చూసి, సంఘం పన్నెండేళ్ళ చరిత్రలో మొదటిసారి మాట రాక నిలబడ్డాడు.

ఫైలు తెరిచి దిద్దబోయింది. అప్పుడే ఇద్దరూ ఆమె చెరో చెవి దగ్గరికీ వంగారు. "నాది మార్చమ్మా, ఆయనది అలాగే ఉంచు" అన్నాడు జగ్గయ్య కుడి చెవిలో. "నాది మార్చే, ఆయనది ఉండనీ" అన్నాడు గణపతిరావు ఎడమ చెవిలో. కనకం రెండూ మర్యాదగానే కొట్టింది. దాచి, పేజీ తెరిచింది. సంఘ కార్యదర్శి వచ్చాడు, బెల్లం వర్తకులు వచ్చారు. కనకానికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ విద్యార్థుల ముందు పదిహేనేళ్ళు ఏడవని మనిషి ఈ ఇద్దరి ముందు ఏడుస్తుందా.

జగ్గయ్య మూడు ఊళ్ళూ నొక్కి చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. "పని నీదేనమ్మా. కమిటీకి నేను సెప్తాను" అన్నాడు. కమిటీకి ఆయన చెప్పడమంటే ఎంత సేపో తెలిసిన కనకానికి, ఆ కమిటీ మీద జాలేసింది. ఆయన గొడుగు తీసుకుంటూ ఆగి, "అవునూ, దీన్లో నీ పేరు నేదేటి? పిల్లల్ని పంపిస్తే ఎవర్నడిగి రావాలి?" అన్నాడు.

కనకం చోడవరం కింద ఇంకో వరస తెరిచింది. పేరు కొట్టింది, ఊరు కొట్టింది. పని దగ్గర "కంప్యూటర్ టీచరు" అని కొట్టి, అడ్రసు దగ్గర ఆగిపోయింది. నిమిషానికి అరవై మాటలు కొట్టే వేళ్ళు అక్కడ కదల్లేదు. వచ్చే నెలలో ఈ గదిలో ఎరువుల బస్తాలుంటాయో తనుంటుందో తెలియకుండా ఏ అడ్రసు కొడుతుంది. వెనక మేనమామ ఉన్నాడని తెలుసు, తిరిగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

గణపతిరావు పంచాంగం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎరువులాయన్ని శ్రావణంలో రమ్మన్నాను. ఈ గదిలోకి శ్రావణం ఎప్పుడో వచ్చేసింది. ముందు మొదలెట్టింది నువ్వు, ముహూర్తం పెట్టింది నేను. ఇప్పుడాయనకిస్తే నా ముహూర్తం నిలవనేదనే కదా ఊరంతా అంటారు." తరవాత ఎప్పుడూ తిట్టే గొంతుతోనే అన్నాడు: "మరి సూస్తావేటే. ఈ గది నంబరే కొట్టు. మేడమీద అని కూడా కొట్టు, నేకపోతే పిల్లలు నా ఇంట్లోకొచ్చి కూసుంటారు."